మొదటి మూడు రాత్రులు: కస్టడీలో పిల్లల మరణాల్ని ఎలా చూడాలి, ఎలా ఆపాలి

2015 సెప్టెంబరులో పాలమూరు (మహబూబ్‌నగర్), నిజామాబాద్, మెదక్ జిల్లాల ఆస్పత్రులకు ఒకే రకం రోగులు పెద్ద సంఖ్యలో వచ్చారు. చేతులు వణకడం, రాత్రంతా నిద్ర లేకపోవడం, ఎదురుగా లేని మనుషులతో మాట్లాడటం, కొందరికి ఫిట్స్. అది జ్వరమూ కాదు, అంటురోగమూ కాదు. ఎక్సైజ్ వాళ్ళు కల్తీ కల్లు మీద దాడులు పెంచారు. దాంతో కల్లులో కలిపే ఆల్ప్రాజోలం, డైజీపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు జనానికి ఒక్కసారిగా అందకుండా పోయాయి. ఏళ్ళ తరబడి రోజూ తాగిన ఒళ్ళు అది ఆగిన రెండో రోజో మూడో రోజో ఎదురు తిరిగింది. ఇంట్లో ఉన్నవాళ్ళకైతే పక్కన భార్యో తల్లో ఉన్నారు, ఆటో మాట్లాడుకుని ఆస్పత్రికి తీసుకొచ్చారు.

ఇప్పుడు ఆ వణుకుతున్నది పదహారేళ్ళ పిల్లాడనుకోండి. వాడున్నది మక్తల్ దగ్గర సొంతూళ్ళో కాదు, నూట యాభై కిలోమీటర్ల అవతల హైదరాబాద్‌లో ఒక జువైనల్ హోంలో. వచ్చి రెండో రాత్రి. పక్క పరుపు మీది పిల్లలు "వీడు యాక్టింగ్ చేస్తుండు సార్" అంటారు. నైట్ డ్యూటీలో ఉన్నాయన "కొత్తగ వచ్చినోళ్ళందరు ఇట్లనే చేస్తరు, పండుకో" అంటాడు. తెల్లవారుజామున ఫిట్స్‌తో పిల్లాడు పోతే రిజిస్టర్‌లో "అనారోగ్యంతో మృతి" అని రాస్తారు. ఆ రెండు మాటల్లో అబద్ధం లేదు. ఫైలు మూయడానికి కూడా అవి చాలు.

ఈ పిల్లాడు నేను ఊహించుకున్నవాడు. వాడితోనే ఎందుకు మొదలుపెట్టానంటే, కస్టడీ మరణం అనగానే మనకు లాఠీ గుర్తొస్తుంది. లాఠీ లేదని నేననడం లేదు. కానీ లాఠీ ఒక్కటే కళ్ళ ముందు పెట్టుకుంటే అడిగే ప్రశ్న కూడా ఒకటే అవుతుంది: ఎవరు కొట్టారు? ఎవరూ కొట్టలేదని తేలితే విషయం అక్కడితో అయిపోతుంది. మన ఊహల పిల్లాణ్ణి ఎవరూ కొట్టలేదు. చేరిన రోజు డాక్టరో ఆఫీసులో ఎవరో "కల్లు తాగుతవా బిడ్డా, ఎన్నేండ్ల సంది?" అని ఒక్క మాట అడిగి, ఆ రాత్రే మందు మొదలుపెట్టి ఉంటే వాడు బతికేవాడు. ఇలా ఆపగలిగిన చోటు ఏదో వెతకడానికే మరణ సమీక్ష. మన దగ్గర విచారణలకు కొదవ లేదు. లేనిది ఈ సమీక్షే.

ముందు కొన్ని మాటలు సర్దుకోవాలి.

పేపర్లు "బాల నేరస్తులు" అని రాస్తాయి. 2015 జువైనల్ జస్టిస్ చట్టం ఆ మాట వాడదు. 18 ఏళ్ళు నిండని పిల్లలు నేరం చేశారని ఆరోపణ ఉంటే, లేదా చేశారని తేలితే, చట్టంతో విభేదించిన పిల్లలు అంటుంది. వీళ్ళ కేసు మామూలు కోర్టుకు కాదు, జువైనల్ జస్టిస్ బోర్డుకు వెళ్తుంది. బోర్డులో ఒక మెజిస్ట్రేట్, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు, ఆ ఇద్దరిలో ఒకరు మహిళ అయి ఉండాలి. విచారణ నడుస్తున్నంత కాలం ఉంచేది అబ్జర్వేషన్ హోం. తప్పు తేలాక, బోర్డు పంపితే ఉండేది స్పెషల్ హోం, అది గరిష్ఠంగా మూడేళ్ళు. జనం నోట రెండూ జువైనల్ హోమే. పోలీసులు పట్టుకున్న పిల్లల్ని ప్రయాణ సమయం పోను 24 గంటల్లో బోర్డు ముందు పెట్టాలి. ఏ పరిస్థితిలోనూ లాకప్‌లో గానీ పెద్దల జైల్లో గానీ ఉంచకూడదు. సంకెళ్ళు వేయకూడదు.

కాగితం మీద ఇంత గట్టిగా ఉన్నప్పుడు పిల్లలు ఎక్కడ జారిపోతారు?

మొదటి చోటు ఠాణా బెంచీ. 24 గంటలు ఎప్పటి నుంచి లెక్క అన్నదే అక్కడ చిక్కు. పిల్లాణ్ణి సోమవారం పొద్దున బడి గేటు దగ్గర బండెక్కించుకుని, బుధవారం సాయంత్రం పట్టుకున్నట్టు రాస్తే ఆ రెండు రోజులు చట్టానికి కనబడవు. "అరెస్ట్ చేయలేదమ్మా, ఊరికే మాట్లాడనీకి పిలిచినం" అన్న మాట మన జిల్లాల్లో ఎంతమంది తల్లులు విని ఉంటారో! ప్రతి పోలీస్ స్టేషన్‌లో కెమెరాలు ఉండాలని, ఆ రికార్డింగ్ కనీసం ఏడాది పాటు దాచాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో చెప్పింది ఇలాంటి చీకటి గంటల కోసమే.

రెండో చోటు వయసు. పల్లెల్లో పుట్టిన తేదీ బడిలో పంతులు రాసిన తేదీ. మా తరగతిలో సగం మంది జూన్‌లో పుట్టిన వాళ్ళమే, అడ్మిషన్లు జూన్‌లో జరుగుతాయి కాబట్టి! ఇప్పుడు నవ్వుకుంటాం గానీ, పదిహేడున్నరేళ్ళ పిల్లాణ్ణి పంతొమ్మిదని రాసి జైలుకు పంపడానికి ఇలాంటి గజిబిజి చాలు. వయసు తేల్చడానికి చట్టం వరస పెట్టింది: ముందు బడి సర్టిఫికెట్ లేదా మెట్రిక్యులేషన్ సర్టిఫికెట్, అది లేకపోతే మున్సిపాలిటీ, పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం, అవేవీ లేకపోతేనే ఎముకల పరీక్ష. జైళ్ళకు క్రమం తప్పకుండా వెళ్ళి అక్కడ పిల్లలెవరైనా ఉన్నారేమో చూసే బాధ్యత కూడా చట్టం బోర్డు మీదే పెట్టింది. పిల్లాడు పెద్దల బ్యారక్‌లో చనిపోతే సమీక్షలో అడగాల్సిన మొదటి మాట వయసు గురించే.

మూడో చోటు హోం. ఇక్కడ కాస్త ఆగాలి.

హోంలో ప్రాణం పోయే దారులు నాలుగైదు. తనను తాను హింసించుకోవడం ఒకటి. కనిపెట్టని జబ్బు ఇంకొకటి: ఉబ్బసం, మూర్ఛ, ముదిరిన జ్వరం, మత్తు ఆగినప్పుడు వచ్చే ఫిట్స్. పిల్లల మధ్య గొడవలు, ముఖ్యంగా చిన్నవాళ్ళనీ పెద్దవాళ్ళనీ ఒకే గదిలో కుక్కినప్పుడు. వయసును బట్టి వేరుగా ఉంచాలని, నేర తీవ్రతను, ఒంటి, మనసు స్థితిని కూడా లెక్కలోకి తీసుకోవాలని చట్టం చెప్పింది. గదులు ఉంటేనే కదా వేరు చేసేది. పారిపోతూ గోడ మీంచి పడటం. చివరిది, సిబ్బంది "కంట్రోల్" చేయబోయి ఊపిరాడకుండా చేయడం. 2004లో ఇంగ్లండ్‌లోని రెయిన్స్‌బ్రూక్ అనే కేంద్రంలో 41 కిలోల బరువున్న పదిహేనేళ్ళ పిల్లాణ్ణి ముగ్గురు పెద్దవాళ్ళు కూర్చోబెట్టి అదిమి పట్టుకున్నారు. ఊపిరాడటం లేదని వాడు చెప్పాడు. వినలేదు, చనిపోయాడు. వాళ్ళు వాడిన పట్టు దొంగచాటుది కాదు, ప్రభుత్వం శిక్షణలో నేర్పించినదే! ఆ మరణం తర్వాత ఆ పట్టును ఆపేశారు. సిబ్బంది ముగ్గురి మీద మాత్రమే దృష్టి పెట్టి ఉంటే ఆ పట్టు ఇంకో కేంద్రంలో ఇంకో పిల్లాడి మీద పడేది.

ఏ దేశంలో చూసినా ప్రమాదం ఎక్కువ ఉండేది తొలి రోజుల్లోనే. దాని తర్వాత బెయిల్ రాలేదని తెలిసిన రోజు, ఇంటివాళ్ళు ములాఖత్‌కు వస్తామని రాని రోజు. మనకు ఇదేమీ వింత కాదు. హాస్టల్లో వేసిన మొదటి వారం గుర్తున్నవాళ్ళకు తెలుసు, చీకటి పడ్డాక గొంతులో ఏదో అడ్డం పడ్డట్టుండేది. దానికి భయం, సిగ్గు, రేపేమవుతుందో తెలియకపోవడం, బయట ఊరంతా ఏమనుకుంటున్నదో అన్న ఊహ కలపండి.

పాలమూరు పిల్లలకు ఇంకో చిక్కు ఉంది. అమ్మానాన్నలు వలసలో ఉంటారు. పుణెలోనో ముంబైలోనో పనిలో ఉన్న తండ్రికి ఫోన్ వచ్చేసరికి పిల్లాడు హోంలో ఉంటాడు. ఇంట్లో ఉన్న నానమ్మకు బోర్డు ఎక్కడో తెలియదు, షూరిటీకి కాగితం లేదు, చేతిలో బస్సు చార్జీలూ లేవు. దేవరకొండ వైపు పల్లెల్లోనూ ఇదే కథ, కాకపోతే అక్కడివాళ్ళు ఎక్కువగా హైదరాబాద్ పోతారు. పాత నల్గొండ, పాత మహబూబ్‌నగర్ కలిపి ఇప్పుడు ఎనిమిది జిల్లాలు. జిల్లాలు పెరిగాయి, కలెక్టరేట్లు దగ్గరయ్యాయి. మక్తల్ నుంచి హైదరాబాద్‌లో హోం ఉన్న సైదాబాద్‌కు దూరం మాత్రం అంతే ఉంది. ఆ నానమ్మ తెల్లారి మొదటి బస్సెక్కి, పాలమూరులో దిగి, ఇంకో బస్సు మారి, హైదరాబాద్ పెద్ద బస్టాండు ఎంజీబీఎస్‌లో దారి అడుక్కుంటూ పోవాలి. ములాఖత్ టైం దాటిందంటే మళ్ళీ అంత దూరం వెనక్కి.

చేరిన 24 గంటల్లో డాక్టరు పరీక్ష చేయాలని 2016 కేంద్ర నమూనా నియమాలు చెబుతాయి. పరీక్ష అంటే చాలాచోట్ల ఎత్తు, బరువు, పుట్టుమచ్చలు, దెబ్బలున్నాయా లేవా. దెబ్బలు చూడటం ఎందుకో తెలుసు కదా: ఠాణాలో తగిలినవి మా ఖాతాలో పడకూడదని. పిల్లాడి ప్రాణం కోసం అడగాల్సినవి వేరే ఉన్నాయి. రోజూ మందులు వేసుకుంటావా? ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా? కల్లు, గంజాయి, వైట్‌నర్, ఏది, ఎంత కాలంగా, చివరిసారి ఎప్పుడు? ఇంతకుముందు చచ్చిపోవాలనిపించిందా, ప్రయత్నించావా? ఇప్పుడెలా ఉంది? ఈ చివరి ప్రశ్న అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని సిబ్బంది భయపడతారు. అది అపోహ. అడిగితే పిల్లలు చెబుతారు, చెప్పాక బరువు కొంత దిగుతుంది. అడిగేవాళ్ళకు కాస్త శిక్షణ, మెత్తటి గొంతు ఉంటే చాలు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేసి సలహా తీసుకునే వీలు హోం సిబ్బందికీ ఉంది.

మొదటి మూడు రాత్రులు కొత్త పిల్లాణ్ణి ఒంటరిగా ఉంచకుండా, సీనియర్ల గదిలో వేయకుండా, కంటికి కనబడే చోట పడుకోబెట్టి, వచ్చిన రోజే ఇంటికి ఒక ఫోన్ చేయిస్తే చాలా వరకు గండం గడుస్తుంది. దీనికి కోట్లు అక్కర్లేదు. రాత్రి డ్యూటీకి ఒకరు కాదు, ఇద్దరు కావాలి. అక్కడే ప్రభుత్వాలు చేతులెత్తేస్తాయి.

చనిపోయాక ఏం జరుగుతుంది?

ఇక్కడే మామూలు మనిషికి తల తిరుగుతుంది. ఒకే మరణం మీద ఐదారు కాగితాలు ఐదారు దిక్కులకు పోతాయి.

పోలీసులు శవ పంచనామా చేస్తారు. ఒకప్పుడు నేర విచారణ పద్ధతుల చట్టం సీఆర్పీసీ 174వ సెక్షన్ కింద, 2024 జూలై 1 నుంచి దాని బదులు వచ్చిన బీఎన్ఎస్ఎస్ 194వ సెక్షన్ కింద. ఒంటి మీద ఏం కనబడుతున్నది, చావు ఎలా జరిగినట్టు ఉంది అన్నంత వరకే దాని పని. పోలీసు కస్టడీలో గానీ, మెజిస్ట్రేట్ లేదా కోర్టు అనుమతించిన ఇంకే కస్టడీలో గానీ మనిషి చనిపోతే దానికి తోడుగా మెజిస్ట్రేట్ విచారణ తప్పనిసరి. 2006 జూన్ నుంచి అమల్లో ఉన్న ఈ నియమం ఇప్పుడు 196వ సెక్షన్‌లో ఉంది. బోర్డు ఆదేశం మీద హోంలో ఉన్న పిల్లాడు కూడా దీని కిందికే వస్తాడు. ఇది తహసీల్దార్ పంచనామాతో సరిపెట్టుకునే వ్యవహారం కాదు, న్యాయ మెజిస్ట్రేట్ చేయాలి. వీలున్నంత వరకు మెజిస్ట్రేట్ కుటుంబానికి కబురు పెట్టాలి, విచారణలో కూర్చోనివ్వాలి. ఈ ఒక్క మాట తెలియక ఎన్ని కుటుంబాలు మార్చురీ దగ్గర శవం తీసుకుని నేరుగా ఊరికి వెళ్ళిపోతాయో!

కస్టడీ మరణాన్ని 24 గంటల్లో తమకు తెలపాలని జాతీయ మానవ హక్కుల కమిషన్ 1993 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. పోస్ట్‌మార్టంను వీడియో తీయాలని 1995లో చెప్పింది. ఇవి కాక శాఖాపరమైన విచారణ ఒకటి, బాలల హక్కుల కమిషన్ కోరితే ఇంకో నివేదిక. గొడవ పెద్దదైతే హైకోర్టు.

ఇన్ని ఉన్నాయి కదా, ఇంకేం కావాలి అనిపించొచ్చు. ఒక్కో కాగితం ఏం అడుగుతుందో చూడండి. పంచనామా అడిగేది: శరీరం మీద ఏముంది? పోస్ట్‌మార్టం అడిగేది: ప్రాణం ఎలా పోయింది? మెజిస్ట్రేట్ అడిగేది: ఎవరి నేరమైనా ఉందా? కమిషన్ అడిగేది: హక్కు భంగమైందా, పరిహారం ఎంత? శాఖ అడిగేది, మొహమాటం లేకుండా చెప్పాలంటే: ఎవరిని సస్పెండ్ చేస్తే గొడవ సద్దుమణుగుతుంది? సాధారణంగా ఆ వేటు పడేది రాత్రి డ్యూటీలో ఉన్న ఔట్‌సోర్సింగ్ మనిషి మీద. ఆయన ఆ రాత్రి ఒక్కడే ఎందుకున్నాడని అడిగే గడి ఏ ఫారంలోనూ ఉండదు. పక్క జిల్లా హోంకు ఈ మరణం నుంచి ఏం చెప్పాలన్నది ఎవరి పనీ కాదు.

నేరం చేసినవాళ్ళను వదిలేయమని నేననడం లేదు. కొట్టి చంపితే అది హత్యే. హోం సిబ్బంది పిల్లల్ని హింసిస్తే ఐదేళ్ళ వరకు కఠిన శిక్ష, ఐదు లక్షల వరకు జరిమానా అని జువైనల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ చెబుతుంది. ఆ పని కోర్టుది, జరగాలి. సమీక్ష దాని పక్కన నడిచే వేరే బండి. రెండిటినీ ఒకే కాడికి కడితే ఏదీ కదలదు, ఎందుకంటే ఉద్యోగం పోతుందని భయపడే మనిషి నిజం చెప్పడు.

సమీక్షకు ముందు లెక్క కావాలి. జైళ్ళలో మరణాలకు జాతీయ నేర గణాంక సంస్థ ఏటా పుస్తకం వేస్తుంది: ఎంతమంది, జబ్బుతోనా, ఆత్మహత్యా, కొట్లాటా అని పట్టికలుంటాయి. పిల్లల హోంల సంగతి? 2017 సెప్టెంబరు 15న దేశంలోని 1,382 జైళ్ళ దుస్థితి కేసులో తీర్పిస్తూ సుప్రీంకోర్టు ఈ మాటే ఎత్తింది. సంరక్షణ సంస్థల్లో అసహజంగా చనిపోయే పిల్లల సంఖ్యను పట్టిక కట్టే పద్ధతి తయారు చేయాలని, ఆ ఏడాది డిసెంబరు 31లోగా చర్యలు తీసుకోవాలని కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖను ఆదేశించింది. అంటే స్వాతంత్ర్యం వచ్చిన 70 ఏళ్ళకు కూడా దేశంలోని పెద్ద కోర్టు "ముందు లెక్కపెట్టండి" అని చెప్పాల్సి వచ్చింది! కోళ్ళఫారంలో రోజుకు ఎన్ని కోళ్ళు చచ్చాయో రాసుకునే పుస్తకం ఉంటుంది.

అక్కడే ఇంకో తెర అడ్డమొస్తుంది. పిల్లల పేరు, ఊరు, బడి బయటపెట్టకూడదని 74వ సెక్షన్ చెబుతుంది, అది మంచి నియమం. కానీ దాన్ని చూపించి "కాన్ఫిడెన్షియల్" అంటూ హోం తన గుట్టు దాచుకుంటే అది చట్టాన్ని తలకిందులు చేయడమే. ఆ గోప్యత పిల్లాడిది. భవనానిది కాదు, సూపరింటెండెంట్‌ది అంతకన్నా కాదు.

మనకు తెలిసిన నమూనానే

సమీక్ష ఎలా ఉండాలో చూడటానికి ఇంగ్లండ్ దాకా పోనక్కర్లేదు, అయినా ఒకసారి పోయొద్దాం. అక్కడ లార్డ్ హారిస్ అనే ఆయన 2007 నుంచి 2013 దాకా కస్టడీలో ప్రాణాలు తీసుకున్న 87 మంది కేసులు పక్కపక్కన పెట్టి చదివారు. వారిలో నలుగురు పిల్లలు, మిగతావాళ్ళు 18 నుంచి 24 ఏళ్ళ వాళ్ళు. 2015లో 108 సూచనలు ఇచ్చారు. వాటిలో ముఖ్యమైన కొన్నిటిని అక్కడి ప్రభుత్వం ఒప్పుకోలేదు, అది వేరే సంగతి. ఒక మరణాన్ని విడిగా చూస్తే దురదృష్టంలా కనబడేది, 87 కలిపి చూస్తే అలవాటుగా కనబడుతుంది: ఒక కేంద్రానికి తెలిసిన సమాచారం ఇంకో కేంద్రానికి చేరలేదు, పిల్లాడు చెప్పుకున్నది రాసుకున్నారు గానీ చదవలేదు.

మన నమూనా ఇక్కడే, కలెక్టరేట్‌లోనే ఉంది. కాన్పులో తల్లి చనిపోతే ఏం జరుగుతుందో పీహెచ్‌సీలో పనిచేసే ఏ ఏఎన్ఎంనైనా అడగండి. 2010 నుంచి దేశంలో మాతృ మరణాల సమీక్ష ఉంది. ఆశా కార్యకర్త కబురు పెడుతుంది. ఆరోగ్య సిబ్బంది ఇంటికెళ్ళి గంట, రెండు గంటలు కూర్చుని, నొప్పులు ఎప్పుడు మొదలయ్యాయి, బండి ఎప్పుడొచ్చింది, ఏ ఆస్పత్రి ఎక్కడికి పంపింది అని వరసగా రాసుకుంటారు. తర్వాత కలెక్టర్ దగ్గర సమావేశం, దానికి చనిపోయిన తల్లి ఇంటివాళ్ళనూ పిలుస్తారు. పేర్లు పెట్టి నిందించడం అక్కడ ఉద్దేశం కాదు. వెతికేది మూడు ఆలస్యాల కోసం: ప్రమాదం గుర్తించడంలో ఆలస్యం, ఆస్పత్రికి చేరడంలో ఆలస్యం, చేరాక వైద్యం అందడంలో ఆలస్యం. ఇవన్నీ ప్రతిచోటా పుస్తకంలో ఉన్నట్టే జరుగుతాయని చెప్పను, కానీ అడిగే పద్ధతి మాత్రం స్థిరపడింది.

మన మక్తల్ పిల్లాడి మీద ఈ మూడూ పెట్టి చూడండి. గుర్తించడంలో ఆలస్యం: వణుకును యాక్టింగ్ అనుకున్నారు. చేరడంలో ఆలస్యం: అర్ధరాత్రి బండి లేదు, ఎస్కార్ట్ లేదు, పెద్దసారు ఫోన్ ఎత్తలేదు, ఆయన చెప్పనిదే గేటు తీయడానికి కిందివాళ్ళకు ధైర్యం లేదు. వైద్యంలో ఆలస్యం: ఆస్పత్రి వాళ్ళకు ఇది కస్టడీ కేసు, ముందు కాగితాలు అన్నారు. ఒక్కో ఆలస్యానికీ ఒక్కో మందు ఉంది. ప్రవేశ పత్రంలో నాలుగు ప్రశ్నలు. రాత్రిపూట ఎవరి అనుమతీ లేకుండా 108కి ఫోన్ చేయొచ్చని గోడ మీద రాసిన ఉత్తర్వు. దగ్గరి ఆస్పత్రితో ముందే చేసుకున్న ఏర్పాటు.

పిల్లల విషయంలో నేను నాలుగో ఆలస్యం కూడా కలుపుతాను. అసలు వాడు ఆ రాత్రి అక్కడ ఎందుకున్నాడు?

వాడి మీద కేసు బైకు దొంగతనం అనుకుందాం. ఐపీసీ బదులు వచ్చిన బీఎన్ఎస్ ప్రకారం మామూలు దొంగతనానికి గరిష్ఠ శిక్ష మూడేళ్ళు. కాబట్టి జువైనల్ జస్టిస్ చట్టం లెక్కలో అది చిన్న నేరం. కేంద్ర నమూనా నియమాల ప్రకారం ఇలాంటి నేరానికి, పెద్దవాళ్ళతో కలిసి చేస్తే తప్ప, ఎఫ్ఐఆర్ కూడా కట్టకూడదు. జనరల్ డైరీలో రాసి, పిల్లాడి ఇంటి పరిస్థితి మీద నివేదిక తయారు చేసి బోర్డుకు పంపితే చాలు. పట్టుకెళ్ళే అధికారాన్ని ఘోర నేరాలకే వాడాలి, లేదా పిల్లాడి మేలు కోసమైతేనే. ఒకవేళ పట్టుకెళ్ళినా, 12వ సెక్షన్ ప్రకారం బెయిల్ ఇవ్వడమే నియమం. నిరాకరించడానికి మూడే కారణాలు: నేరగాళ్ళ సావాసంలో పడతాడని, ప్రమాదంలో పడతాడని, న్యాయానికి అడ్డమవుతుందని. అదీ రాతపూర్వకంగా. బెయిల్ వచ్చి ఏడు రోజులైనా షరతులు తీర్చలేకపోతే పిల్లాణ్ణి మళ్ళీ బోర్డు ముందుకు తెచ్చి షరతులు సడలించాలి. అంటే షూరిటీకి కాగితం లేని నానమ్మ కోసం చట్టం దారి ముందే వేసి పెట్టింది. ఆ దారి ఉందని ఆమెకు చెప్పాల్సింది లీగల్ ఎయిడ్ వకీలు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ నుంచి ఉచితంగా వస్తారు, 15100కి ఫోన్ చేస్తే చెబుతారు.

ఇక్కడ ఒక అభ్యంతరం తప్పక వస్తుంది. "అన్నీ బైకు దొంగతనాలేనా, అత్యాచారాలు చేసినవాళ్ళ సంగతేంది?" నిజమే, అలాంటివాళ్ళూ ఉన్నారు. వాళ్ళ బాధితులకు న్యాయం కావాలి, చట్టం 16 నుంచి 18 ఏళ్ళ వాళ్ళ ఘోర నేరాలకు వేరే దారి పెట్టింది కూడా. అయితే పిల్లల మీద లైంగిక నేరాల చట్టం పోక్సోలో అత్యాచారం లాంటి నేరానికి కనీస శిక్ష పదేళ్ళు కాబట్టి, ఇష్టపడి ఊరు దాటిన పదిహేడేళ్ళ జంటలో అబ్బాయి కూడా అదే "ఘోర నేరం" గంపలో పడతాడు. మన జిల్లాల కోర్టు వరండాల్లో తిరిగేవాళ్ళకు ఇది కొత్త కాదు. ఏది ఏమైనా, నేరం ఎంత పెద్దదైనా పడే శిక్షను బోర్డో కోర్టో చెప్పాలి. ఫిట్స్ వస్తే చూసేవాళ్ళు లేకపోవడం ఏ సెక్షన్ కిందా శిక్ష కాదు.

కొత్త సంస్థలు పెట్టక్కర్లేదు. 2021 సవరణతో జిల్లాలో జువైనల్ జస్టిస్ చట్టం అమలును పర్యవేక్షించే బాధ్యత జిల్లా మెజిస్ట్రేట్‌కు, అంటే కలెక్టర్‌కు వచ్చింది. తల్లుల మరణాలను సమీక్షించే కుర్చీ, ఇదీ ఒకటే. బోర్డు నెలకొకసారైనా హోం తనిఖీ చేయాలి. హోంలో పిల్లలు పడుకునే చోటుకు దగ్గరగా ఫిర్యాదుల పెట్టె ఉండాలి, దాని తాళంచెవి సూపరింటెండెంట్ దగ్గర కాదు, నిర్వహణ కమిటీ అధ్యక్షుల దగ్గర ఉండాలి, వారం వారం తెరవాలి. తనిఖీకి వెళ్ళిన ఏ పెద్దమనిషి అయినా వంట రుచి చూసి, ఫొటో దిగి వచ్చేముందు ఆ పెట్టె చివరిసారి ఎప్పుడు తెరిచారో అడిగితే హోం సంగతి సగం తెలుస్తుంది. చనిపోయే దాకా వెళ్ళి బతికిన పిల్లల కేసులు కూడా సమీక్షకు రావాలి. అవి సంఖ్యలో ఎక్కువ, చెప్పడానికి పిల్లాడే ఎదురుగా ఉంటాడు.

కుటుంబం వైపు నుంచి కూడా ఒక మాట. పిల్లాడు పోయాక తండ్రి చేత తెల్ల కాగితం మీద సంతకం తీసుకునేవాళ్ళు ఉంటారు. చదివించుకోకుండా పెట్టకూడదు. పంచనామా, పోస్ట్‌మార్టం రిపోర్టు నకళ్ళు రాతపూర్వకంగా అడగాలి. హోంలో చేరినప్పటి వైద్య పత్రం అడగాలి, అన్నిటికన్నా ఎక్కువ మాట్లాడేది అదే. పిల్లాడు బతికుండగానే ఎలా ఉన్నాడో తెలియనివ్వకపోతే, ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించిన సమాచారం 48 గంటల్లో ఇవ్వాలన్న సమాచార హక్కు నియమం ఉంది.

ఇంకొకటి మన చట్టంలో లేదు, ఉంటే బాగుండేది. ఐక్యరాజ్యసమితి 1990లో నిర్బంధంలోని పిల్లల కోసం చేసిన నియమాల్లో, పిల్లాడు చనిపోతే స్వతంత్ర విచారణ జరగాలని, ఆ నివేదిక దగ్గరి బంధువులకు అందుబాటులో ఉండాలని ఉంది. విడుదలైన ఆరు నెలల్లోపు చనిపోయినా, ఆ మరణానికీ నిర్బంధానికీ సంబంధం ఉందనిపిస్తే అలాగే విచారించాలని కూడా ఉంది. ఆరు నెలలు ఎందుకో మక్తల్ పిల్లాడి దారిలో నడిచి చూస్తే తెలుస్తుంది. వాడు ఆ రాత్రి బతికాడనుకుందాం. నెలన్నర తర్వాత బెయిల్ మీద ఇంటికొచ్చాడు. బడిలో పేరు తీసేశారు. తండ్రి మళ్ళీ పుణె వెళ్ళిపోయాడు. దోస్తులు కల్లు దుకాణం దగ్గరే ఉన్నారు. నెలన్నరగా ముట్టలేదు కాబట్టి ఒంటికి పాత అలవాటు తగ్గిపోయింది, పాత లెక్కలోనే తాగితే ఒళ్ళు తట్టుకోదు. ఈ సంగతి విడుదల రోజు గేటు దగ్గర నానమ్మకు, పిల్లాడికి ఎదురుగా కూర్చుని చెప్పడానికి పది నిమిషాలు చాలు. ప్రొబేషన్ ఆఫీసర్ తన నంబరు ఒక చీటీ మీద రాసిచ్చి, మొదటి నెల వారానికోసారి ఆయనే ఫోన్ చేసి "ఎట్లున్నవురా, బడికి పోతున్నవా?" అని అడగాలి.